చెట్టును కొట్టకుండా, చక్రాన్ని ఆపకుండా

కాలనీ మీటింగులో ఫుట్‌పాత్ మాట ఎత్తితే చాలు, రెండు జట్లు తయారవుతాయి. వేళ్లు టైల్స్‌ని లేపేస్తున్నాయి, ఆ చెట్టు కొట్టించేయండి అనేవాళ్లు ఒక పక్క. చెట్టు మీద గొడ్డలి పడితే ఊరుకోం అనేవాళ్లు ఇంకో పక్క. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది కాబట్టి మీటింగు టీ బిస్కెట్లతో ముగుస్తుంది. ఈ తగువులో అసలు నష్టపోయేవాళ్లు మాత్రం అక్కడ కనపడరు. వీల్‌చెయిర్‌లో తిరిగే ఆవిడ, వాకర్ పట్టుకున్న పెద్దాయన, తెల్ల కర్రతో నడిచే కుర్రాడు మీటింగుకి రావాలన్నా ఆ ఫుట్‌పాత్ మీదుగానే కదా రావాలి!

చెట్టునీ ఉంచి, చక్రాన్నీ నడిపించే ఉపాయం ఒకటుంది. వాన నీటిని కిందికి వదిలేస్తూ, వేరు కదిలితే పగలకుండా వంగే పైపొర. ఇంజనీర్లు ఫ్లెక్సిబుల్ పోరస్ పేవింగ్ అంటారు. మనం వాడుకగా పోరస్ రబ్బరు బాట అనుకుందాం. దాన్ని మీ వీధికో పార్కుకో ఎలా తెప్పించుకోవాలి, ఎక్కడ వద్దనాలి, వేశాక ఎలా నిలబెట్టుకోవాలి అన్నదే ఈ అధ్యాయం. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇందులో పైపొర రెండంగుళాలే. మీ డబ్బు దక్కేదీ, మట్టిపాలయ్యేదీ దాని అడుగున ఉన్న పొరల్లో. కాంట్రాక్టరు శాంపిల్ ముక్క చేతిలో పెట్టి నొక్కి చూడమంటాడు. నొక్కండి, తప్పులేదు. ఆ వెంటనే "అడుగున ఏం వేస్తున్నారు?" అని అడగండి.

చిన్న చక్రం ఎత్తు నుంచి చూడండి

ఏ సరుకు కావాలో అడిగేముందు, ఉన్న దారిని కొలవడం నేర్చుకోవాలి. దీనికి ఇంజనీరింగు చదవక్కర్లేదు. ఒక టేపు, మేస్త్రీ దగ్గరుండే రసమట్టం, ఒక పెన్సిల్ చాలు.

వీల్‌చెయిర్‌కి వెనక పెద్ద చక్రాలుంటాయి, ముందు అరచేతంత చిన్న చక్రాలుంటాయి. దారి బాగోగులు తేల్చేది ఆ చిన్నవే. ఒక టైలు అంచు అంగుళం లేచి ఉందనుకోండి. మన చెప్పుకి అది తెలియను కూడా తెలియదు. చిన్న చక్రం మాత్రం దానికి కొట్టుకుని అక్కడే బిగుసుకుంటుంది. కుర్చీ ఆగుతుంది, కూర్చున్న మనిషి ఒళ్లు ఆగదు, ముందుకు తూలుతుంది. భుజాల్లో బలం ఉన్నవాళ్లయితే కుర్చీని వెనక్కి వంచి ముందు చక్రాలు గాల్లోకి లేపి దాటిస్తారు. లేనివాళ్లు వెనక్కి తిరిగి, తోడు ఎవరైనా వస్తారేమోనని చూస్తారు. ఎవరూ రాకపోతే ఫుట్‌పాత్ దిగి ఆటోల మధ్య పోతారు. అంతటికీ కారణం ఒక్క అంగుళం.

అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం ఏడీఏ కింద రాసిన ప్రమాణాలు ఈ విషయంలో చాలా కచ్చితంగా ఉంటాయి. నిలువు ఎత్తు 6 మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదు. 6 నుంచి 13 దాకా ఉంటే అంచును ఏటవాలుగా చెక్కాలి. 13 దాటితే అది ర్యాంపు లెక్కలోకి వస్తుంది. మామూలు పెన్సిల్ మందం సుమారు 7 మిల్లీమీటర్లు. లేచిన టైలు పక్కన పెన్సిల్ పడుకోబెట్టి, అంచు దానికంటే ఎత్తుంటే ఫోటో తీయండి. అధికారి ముందు పెట్టడానికి "ఫుట్‌పాత్ అధ్వానంగా ఉంది" అనే వాక్యం కంటే పెన్సిల్ ఉన్న ఫోటో ఎక్కువ పని చేస్తుంది.

రెండోది అడ్డవాలు. దారి రోడ్డు వైపుకి ఒరిగి ఉంటే వీల్‌చెయిర్ అటే లాగుతుంది. తిన్నగా పోవాలంటే ఒక చెయ్యి తోస్తూ, ఇంకో చెయ్యి ఆపుతూ ఉండాలి. కాసేపటికే భుజం పట్టేస్తుంది. ఏడీఏ లెక్కలో అడ్డవాలు 48కి ఒకటి మించకూడదు. మీటరు పొడవున్న రసమట్టాన్ని దారికి అడ్డంగా పెట్టి, బుడగ మధ్యకి వచ్చేదాకా ఒక కొస లేపండి. ఆ కొస కింద ఖాళీ రెండు సెంటీమీటర్లు దాటిందంటే వాలు ఎక్కువైనట్టే.

మన దేశపు కొలతలకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకం ఐఆర్‌సీ 103 ఉంది. 2012 నాటి కూర్పులో నడిచే మేర కనీసం 1.8 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల ఎత్తు దాకా ఏ అడ్డూ లేకుండా ఉండాలని రాశారు. అంచు రాయి 150 మిల్లీమీటర్లకి మించకూడదు. ర్యాంపు వాలు 12కి ఒకటి. అంటే 150 మిల్లీమీటర్ల గట్టు ఎక్కడానికి 1.8 మీటర్ల పొడవు ర్యాంపు కావాలి. మన వీధుల్లో ఇంటి ముందు కారెక్కడానికి పోసే నాలుగు తట్టల సిమెంటు ర్యాంపు కాదని వేరే చెప్పక్కర్లేదు.

వేరు పైకెందుకు వస్తుంది

చెట్టు మనమీద కక్షతో టైల్స్ లేపదు. కాంక్రీటు వేసేముందు కింద మట్టిని రోలరుతో అణుస్తారు. అణిగిన మట్టిలో గాలి ఉండదు, నీరు దిగదు. వేరుకి రెండూ కావాలి. కాంక్రీటు పలక అడుగుభాగాన తేమ చేరుతుంది, పలకకీ మట్టికీ మధ్య సందులో కాస్త గాలి ఉంటుంది. వేరు ఆ సందు వెతుక్కుని అందులో పాకుతుంది, ఏటేటా లావెక్కుతుంది. పలకకి వంగే గుణం లేదు కాబట్టి పగులుతుంది. మనం పగిలిన పలక తీసి, వేరు నరికి, మళ్లీ అలాంటి పలకే వేస్తాం. కొన్నేళ్లకి మళ్లీ అదే కథ. వేరు నరికినప్పుడల్లా చెట్టుకి పట్టు తగ్గి, గాలివానకి కూలే ముప్పు పెరుగుతుంది.

ఈ కథ మనదొక్కటే కాదు. లాస్ ఏంజిలిస్ నగరంలో దశాబ్దాల కిందట నాటిన మర్రి జాతి ఫైకస్ చెట్లు పెరిగి మైళ్లకొద్దీ ఫుట్‌పాత్‌లని లేపేశాయి. వీల్‌చెయిర్ వాడేవాళ్లు 2010లో నగరం మీద కేసు వేశారు. 2016లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం నగరం ముప్పై ఏళ్లలో సుమారు 140 కోట్ల డాలర్లు ఫుట్‌పాత్‌ల మీద ఖర్చు పెట్టాలి. వేళ్లను పట్టించుకోకుండా పలకలు పరిచినందుకు ఒక నగరం కడుతున్న వడ్డీ అది.

మన దగ్గర 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ చెట్ల విషయంలో, మొదలు చుట్టూ ఒక మీటరు దాకా కాంక్రీటు తీసేయమంది. చెట్టుకి మంచిదే. కానీ 1.8 మీటర్ల ఫుట్‌పాత్ అంచున ఉన్న చెట్టుకి మీటరు మేర మట్టి గుంట వదిలితే మిగిలేది 80 సెంటీమీటర్లు. వీల్‌చెయిర్‌కి కనీసం 90 కావాలి. చెట్టు గెలిచింది, చక్రం ఓడిపోయింది. పోరస్ రబ్బరు బాట నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. ఆ మీటరు గుంటని ఫుట్‌పాత్ మట్టానికి సమంగా దీంతో నింపితే వేరుకి గాలీ నీరూ అందుతాయి, చక్రానికి పూర్తి వెడల్పు దక్కుతుంది. వీధంతా ఇదే వేయించమని నేను చెప్పను. ఖరీదు ఎక్కువ, అవసరమూ ఉండదు. చెట్ల మొదళ్ల దగ్గర వేయించి, మిగతా దారికి మంచి టైల్సే వేయించుకుంటే చాలా వీధులకి సరిపోతుంది.

మరమరాల ఉండ

ఇది తయారయ్యే తీరు మరమరాల ఉండ చుట్టినట్టే. పాత టైర్లని చిన్న గుళికలుగా కోస్తారు. వాటికి చిన్న రాతి చిప్స్ కలుపుతారు. పాకం బదులు పాలీయురిథేన్ అనే జిగురు. ప్రతి గుళికకీ పలచగా జిగురు పట్టి, ఒకదానికొకటి తాకిన చోట అంటుకుని, మిగతా సందులు తెరిచి ఉంటాయి. ఆ సందుల్లోంచి నీరు దిగుతుంది. పాకం తక్కువైతే ఉండ రాలిపోతుంది, ఎక్కువైతే సందులు పూడి గట్టి ముద్దవుతుంది. ఇక్కడా అంతే. రబ్బరు వాటా ఎక్కువైతే మెత్తగా, తక్కువైతే గట్టిగా వస్తుంది. నడిచేవాళ్లు మెత్తగా ఉంటే మెచ్చుకుంటారు. వీల్‌చెయిర్‌కి మాత్రం మెత్తదనం శత్రువు. చక్రం కుంగితే తోసే బరువు పెరుగుతుంది. కాబట్టి పిల్లల ఆట స్థలంలో వేసే మెత్తటి రబ్బరుని దారికి అంటగడితే ఒప్పుకోకండి. కొటేషన్ ఇచ్చినవాళ్లని వాళ్లు ఇంతకుముందు వేసిన దారి ఒకటి చూపించమని అడిగి, వీల్‌చెయిర్ వాడే మనిషిని తోడు తీసుకెళ్లి ఆయన చేతే నడిపించి చూడండి. ఆ చేతులు చెప్పే తీర్పుకి అప్పీలు లేదు.

అమెరికాలో యెల్లోస్టోన్ నేషనల్ పార్కులో, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి ఊట దగ్గర, మిషెలిన్ కంపెనీ సాయంతో పాత టైర్ల గుళికలతో ఇలాంటి బాట వేశారు. భూమిలోకి దిగే వాన నీటి మీద, మంచు నీటి మీద ఆ ఊట ఆధారపడుతుంది. అందుకే అక్కడ నీటిని అడ్డుకోని దారి కోరుకున్నారు.

అడుగున ఏముంది?

ముందు మీ నేల సంగతి తెలుసుకోండి. అడుగు వెడల్పు, అడుగు లోతు గుంట తీయించండి. నీళ్లు పోసి పూర్తిగా ఇంకనివ్వండి. మళ్లీ నింపి, లోపల స్కేలు గుచ్చి, గంటలో ఎంత దిగిందో రాసుకోండి. గంటకి 13 మిల్లీమీటర్లు, అంటే అరంగుళం దిగితే నేలే నీటిని తాగగలదు. అంతకంటే తక్కువైతే కంకర అడుగున చిల్లుల పైపు పెట్టి డ్రైనుకి కలపాలి. ఎర్రమట్టి, మొరం నేలల్లో మామూలుగా బాగానే దిగుతుంది. నల్లరేగడిలో జాగ్రత్త. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. దాని మీద నీళ్లు నిలవేస్తే పైన ఏది వేసినా ఆటుపోట్లకి లోనవుతుంది. అలాంటి చోట పైపు లేకుండా పని మొదలెట్టనివ్వకండి.

తర్వాత పొరలు. మట్టి మీద నేత లేని జియోటెక్స్‌టైల్ గుడ్డ. దాని మీద 100 నుంచి 150 మిల్లీమీటర్ల మందాన ఒకే సైజు 20 ఎంఎం కంకర. దాని మీద సన్న చిప్స్ పలచగా. ఆపైన రెండంగుళాల రబ్బరు పొర. ఒకే సైజు కంకరలో సుమారు 40 శాతం ఖాళీ ఉంటుంది. అంటే 150 మిల్లీమీటర్ల కంకర తన కడుపులో 60 మిల్లీమీటర్ల వానని దాచుకోగలదు. దారి మీద పడిన వానకి ఇది ధీమా. పక్క ఇళ్ల మేడల నీళ్లన్నీ దాని మీదికి వదిలితే మాత్రం ఏ కంకరా చాలదు.

అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది. లారీ వచ్చి కంకర దింపుతుంది. కుప్పలో సగం డస్టే. మీరు అడిగితే, "డస్టు కలిస్తేనే గట్టిగా పట్టుద్ది సార్, ముప్పై ఏళ్లుగా చేస్తున్నా" అంటాడు మేస్త్రీ. అబద్ధం చెప్పడం లేదు పాపం. మామూలు రోడ్డుకి అది అక్షరాలా నిజం. రాతి పొడి సందుల్లో కూరుకుని దిమ్మిస దెబ్బకి రాయిలా బిగుస్తుంది. మనకి కావలసింది ఆ సందులే. గాజు సీసాలో గుప్పెడు కంకర వేసి, నీళ్లు పోసి, మూత పెట్టి ఊపండి. నీళ్లు పాలవిరుగుడులా మసకబారి అలాగే ఉండిపోతే కడిగిన కంకర కాదు. లారీ వెనక్కి పంపండి. ఆ ఒక్క పూట మొహమాటపడితే తర్వాత నీళ్లు నిలిచిన ప్రతి వానకీ నొచ్చుకుంటూ కూర్చోవాలి. మేస్త్రీతో వాదన పెంచకుండా, "ఇది నీళ్లు దిగే రోడ్డు మేస్త్రీగారూ, డస్టు ఉంటే నీళ్లు దిగవు, మీరే సీసాలో చూడండి" అంటే చాలామంది ఇట్టే అందుకుంటారు. చేతిపని తెలిసినవాళ్లకి కళ్లెదుట చూపిస్తే చాలు.

చెట్టు దగ్గర పద్ధతి వేరు. అక్కడ తవ్వకూడదు. జేసీబీ పళ్లు తగిలితే వేళ్లు చీలిపోతాయి. పాత కాంక్రీటుని చేత్తో పగలగొట్టి తీసి, ఉన్న మట్టం మీదే కంకర పరిచి, దారినే కొంచెం పైకి లేపాలి. పది సెంటీమీటర్లు లేపాల్సి వస్తే రెండు మీటర్ల పొడవున మెల్లగా ఎక్కిస్తే 20కి ఒకటి వాలు వస్తుంది, వీల్‌చెయిర్‌కి హాయిగా ఉంటుంది. ఏదైనా లావు వేరు కోయక తప్పదంటే, కాండం వ్యాసానికి మూడు రెట్ల దూరం లోపల ముట్టకూడదన్నది వృక్ష నిపుణులు చెప్పే కనీస హద్దు. ఐదు రెట్లయితే మరీ మేలు. మొదలుకి ఆనించి పోయకండి. కాండం లావెక్కడానికి చుట్టూ జానెడు వదలండి. ఆ ఖాళీ నడిచే మేరలోకి రాకుండా చూసుకోవాలి. ఇంత చేసినా వేరు ఎదుగుతుంది, పైపొర మెల్లగా ఉబ్బుతుంది. పలకలా విరిగి అంచు లేవదు, దిబ్బలా వంగుతుంది. ఆ దిబ్బ వాలు మించినప్పుడు అంతవరకు కోసి, వాలు సరిచేసి, కొత్త ముక్క పోసుకోవచ్చు.

అంచుల సంగతి కూడా. రెండు పక్కలా ఉక్కు పట్టీయో, కర్బు రాయో లేకపోతే రబ్బరు పొర అంచుల నుంచి చిట్లడం మొదలవుతుంది. టైల్స్‌తో కలిసే గీత దగ్గర పెన్సిల్ పరీక్ష మర్చిపోకండి.

పోసే రోజు

వాన సూచన ఉంటే పని ఆపించండి. ఈ జిగురు గాలిలోని తేమ పీల్చుకుని గట్టిపడుతుంది. కొద్ది తేమ మంచిది. నీళ్లు పడితే నురగలొచ్చి పొంగుతుంది, పట్టు పోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం త్వరగా బిగుస్తుంది కాబట్టి కలిపినది కలిపినట్టే పోసేయాలి. ఆలస్యమైన తట్టని నీళ్లు చల్లి మెత్తబరచే సిమెంటు అలవాటు ఇక్కడ పనికిరాదు. తాపీకి జిగురు అంటకుండా సబ్బు నీళ్లలో ముంచుతూ సాపు చేస్తారు. నున్నగా రావాలని మరీ గట్టిగా రుద్దితే పై సందులు మూసుకుపోతాయి. కనీసం మర్నాటిదాకా ఎవరినీ నడవనివ్వకూడదు. ఆ రాత్రి కాపలా మీ పూచీ. వీధి కుక్కల పాదముద్రలు మాత్రం ఎలాగూ పడతాయి, వాటిని క్షమించేయండి.

గట్టిపడ్డాక నీటి పరీక్ష. పద్ధతి ఏఎస్‌టీఎం సీ1701 అనే ప్రమాణం నుంచి తీసుకున్నదే. అడుగు కోసేసిన, 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ప్లాస్టిక్ రింగు ఒకటి దారి మీద పెట్టి, చుట్టూ ప్లంబరు పుట్టీతో మూయండి. ముందు మూడున్నర లీటర్లు పోసి తడపండి. తర్వాత 18 లీటర్లు, రింగులో నీటిమట్టం వేలి మందం మించకుండా పోస్తూ, ఫోనులో సమయం చూడండి. 18 లీటర్లంటే ఆ రింగులో సుమారు 255 మిల్లీమీటర్ల నీరు. నిమిషంలోపు దిగితే కొత్త దారికి తగ్గట్టు ఉన్నట్టు. పది నిమిషాలు పట్టినా గంటకి ఒకటిన్నర మీటరు వేగం, ఏ కుండపోతకైనా చాలు. కానీ కొత్తలోనే పది నిమిషాలు పట్టిందంటే అడుగున డస్టు ఉన్నట్టు అనుమానించాలి. పరీక్ష వీడియో తీయించండి, బిల్లు పాసయ్యేముందు.

ఎక్కడ వద్దు

సరుకు మంచిదన్నాం కదా అని ఎక్కడపడితే అక్కడ వేయించకండి. నీడ లేని చోట నల్ల రబ్బరు మే నెలలో మండిపోతుంది. చెట్టు కిందైతే సరే. ఎండ పడే చోట లేత రంగు రాతి చిప్స్ ఎక్కువ కలిపిన మిశ్రమమో, ఇసుక లేకుండా పోసే పోరస్ కాంక్రీటో మేలు.

చెరువు గట్టున, చేపలున్న నీళ్ల పక్కన నేనైతే టైరు గుళికలు వద్దంటాను. అమెరికా వాయవ్య తీరంలో వానలు పడగానే కోహో సాల్మన్ చేపలు చచ్చిపోతుంటే ఏళ్లతరబడి కారణం అంతుపట్టలేదు. 2020 డిసెంబరులో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. టైరు చిట్లకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి విషంగా మారి, రోడ్ల మీది నీళ్లతో వాగుల్లోకి చేరుతోంది. అది టైర్ల అరుగుదల గురించి తేలిన సంగతి, జిగురులో బిగించిన బాట గురించి కాదు. అయినా అరిగే రబ్బరు ఎక్కడికి పోతుందో ఆలోచించుకోవాలి కదా. కృత్రిమ పచ్చిక మైదానాల్లో చల్లే విడి రబ్బరు గుళికల అమ్మకం మీద ఐరోపా యూనియన్ 2023లో ఎనిమిదేళ్ల గడువుతో నిషేధం పెట్టింది. చెరువు చుట్టూ నడకదారికి రాతి చిప్స్ బాట ఉండగా ఈ బెడద ఎందుకు?

బండ్లు ఎక్కే చోటా వద్దు. బైకు సైడు స్టాండు దిగబడుతుంది, పెట్రోలు కారితే జిగురు దెబ్బతింటుంది. బైకులు రాకుండా స్తంభాలు పాతమంటారు చాలామంది. వీల్‌చెయిర్ పట్టాలంటే స్తంభాల మధ్య 90 సెంటీమీటర్లు వదలాలి, 90లో బైకూ పడుతుంది. స్తంభం ఆపగలిగింది కారునే. బైకుని ఆపాల్సింది కాలనీవాళ్లూ, ట్రాఫిక్ పోలీసులూ.

అడగడం ఎలా

2016 వికలాంగుల హక్కుల చట్టం మీ చేతిలో ఉంది. దాని 89వ సెక్షను ప్రకారం తొలి ఉల్లంఘనకి పదివేల దాకా, మళ్లీ మళ్లీ చేస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, సౌలభ్య ప్రమాణాలను సలహాల స్థాయిలో వదిలేసిన నిబంధన చట్టానికి విరుద్ధమని చెప్పి, తప్పనిసరి ప్రమాణాలు రాయమని కేంద్రానికి మూడు నెలల గడువు ఇచ్చింది. ఆ కేసులో కోర్టు ముందు పెట్టిన అధ్యయనం మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రానిదే. 2025 మేలో అదే కోర్టు, నడవదగిన ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన హక్కులో భాగమంది. ఇక చెట్టు కొట్టించేద్దాం అనేవాళ్లకి, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద అనుమతి కావాలని గుర్తుచేయండి.

ఇవన్నీ తెలిసి ఉండాలి, కానీ ఇంజనీరు టేబుల్ మీద మొదటిరోజే సెక్షన్లు పరచకండి. మర్యాదగా వెళ్లి, పని తేలికయ్యేలా అడగండి. అర్జీ ఇంత చాలు: "ఫలానా వీధిలో ఫలానా ఇంటి నంబరు నుంచి ఫలానా నంబరు వరకు ఆరు చెట్ల దగ్గర ఫుట్‌పాత్ లేచిపోయి వీల్‌చెయిర్లకి వీలుకాకుండా ఉంది. కొలతలు, ఫోటోలు జతపరిచాము. చెట్లు తీయకుండా, మొదళ్ల చుట్టూ నీరు దిగే ఫ్లెక్సిబుల్ పేవింగ్‌తో 1.8 మీటర్ల అడ్డులేని మేర ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాము. ఎస్టిమేట్ తయారీ సమయంలో వీల్‌చెయిర్ వాడే మా కాలనీవాసి ఒకరు తోడు నడవడానికి సిద్ధంగా ఉన్నారు." చివరి వాక్యం తీసేయకండి. మనిషి పక్కన నడుస్తుంటే ఎస్టిమేట్ అంకెలు మారతాయి.

"ఈ ఐటెం రేట్ల పుస్తకంలో లేదమ్మా" అన్న జవాబు వస్తుంది. అది పూర్తి తిరస్కారం కాదు. "సార్, అయితే రెండు చెట్ల దగ్గర నమూనాగా చేద్దాం, కొటేషన్లు మేం తెస్తాం" అనండి. మొత్తం వీధి అడిగితే ఫైలు పై ఆఫీసుకి పోయి నిద్రపోతుంది. రెండు చెట్లు అడిగితే కింది స్థాయిలోనే తేలే అవకాశం ఎక్కువ. గేటెడ్ కాలనీలయితే లోపలి దారి మీ సొంతం కాబట్టి ఇవాళే మొదలెట్టొచ్చు. వినకపోతే, అప్పుడు రాష్ట్ర వికలాంగుల కమిషనరుకి రాయండి. ఈ ఫిర్యాదులు వినడం ఆ కార్యాలయం బాధ్యత.

టెండరు కాగితంలో మూడు విషయాలు ఉండేలా చూడండి: కడిగిన ఒకే సైజు కంకర అన్న మాట, బిల్లుకి ముందు నీటి పరీక్ష, ఏడాది గడిచాక మళ్లీ అదే పరీక్ష. చూపు లేనివాళ్లకి దారి చూపే గీతల టైల్స్, ఆగమని చెప్పే చుక్కల టైల్స్ కూడా ఎస్టిమేట్‌లో ఉండాలి. అవి తీసుకెళ్లి చెట్టుకి కొట్టించకుండా చెట్టుని చుట్టి వెళ్లేలా గీయించండి. నవ్వకండి, చెట్టులోకి దారితీసే గీతలు మన ఊళ్లలో కొల్లలు.

వేశాక

ఈ దారికి మొదటి శత్రువు ఇల్లు కట్టేవాడి ఇసుక కుప్ప. ఒక్క వానకి ఇసుక సందుల్లోకి దిగిపోతుంది. కట్టుబడి మొదలయ్యే ఇంటివాళ్లతో ముందే మాట్లాడి కుప్పకి వేరే చోటు చూపించండి. రెండోది ఆకు. మాఘం, ఫాల్గుణంలో రాలిన ఆకుని వారానికోసారి ఎత్తించాలి, లేకపోతే నలిగి పొడై సందుల్లో చేరుతుంది. ఊడ్చి ఆ దుమ్ముని అంచుల్లోకి తోసేసే అలవాటు మాన్పించండి. మూడోది మన సొంత అలవాటు. పేడ కళ్లాపి, ముగ్గుపిండి ఆ రబ్బరు బాట మేరకి రాకుండా, గుమ్మం ముందుకి పరిమితం చేసుకోమని ఇళ్లవాళ్లని బతిమాలాలి. పండగపూట రథం ముగ్గు అక్కడిదాకా సాగితే ఏమీ అనకండి, మర్నాడు కడిగించుకుంటే సరి.

ఏటా వానలకి ముందు, మే చివర్లో, ప్రెషర్ పైపుతో ఏటవాలుగా కడిగించండి. నిటారుగా కొడితే మట్టి లోపలికే పోతుంది. కడిగాక రింగు పెట్టి నీటి పరీక్ష చేసి, తేదీతో పాటు కాలనీ రిజిస్టరులో రాసుకోండి. నిరుడు నిమిషం పట్టింది ఈసారి మూడు నిమిషాలు పడితే కంగారు లేదు. అరగంట పడితే వాక్యూమ్ మిషను పిలిపించాలి.

కాంట్రాక్టరు వెళ్లిపోయేముందు మిగిలిన రబ్బరు గుళికలు, చిప్స్ ఒక బస్తా అడిగి తీసుకోండి. రంగు తర్వాత దొరకదు. జిగురు మాత్రం దాచుకోవద్దు. మూత తీసిన డబ్బా తేమకి గడ్డకట్టిపోతుంది, అతుకు వేసే రోజునే కొత్తది తెప్పించుకోవాలి. అతుకు వేసేటప్పుడు పాడైన భాగాన్ని చతురస్రంగా కోసి, అంచులకి జిగురు పూసి, ఆ తర్వాతే పోయమనండి. గుండ్రంగా తవ్వి పూడ్చిన అతుకు అంచుల నుంచే ఊడిపోతుంది.